లామినేషన్ చేసిన టోపీ దొర

న్యూజిలాండ్ వెళ్లొచ్చానని తెలిసిన దగ్గర్నుంచీ మా వీధిలో అందరూ గొర్రెల గురించే అడుగుతున్నారు. గొర్రెలున్నాయి. దూరంగా, కొండల మీద, ఎవరి జోలికీ పోకుండా మేస్తున్నాయి. వాటి గురించి అంతకు మించి చెప్పడానికి నా దగ్గర ఏమీ లేదు. అరచేతిలో సగం కూడా ఉండని ఒక అట్టముక్కను ఒక పెద్దావిడ చేతిలో పెట్టి రావడం కోసమే నేనంత దూరం వెళ్లాను.

ఆ అట్టముక్క వయసు వందేళ్లు దాటింది. మా నాన్న గుంటూరులో ఒక పొగాకు కంపెనీలో ఆకు గ్రేడింగ్ చేసేవాడు. ఆకు కొనడానికి వచ్చిన అమెరికా దొర ఒకాయన తన దేశం వెళ్లిపోతూ కొన్ని పుస్తకాలు నాన్నకు ఇచ్చేశాడు. వాటిలో ఒక పుస్తకంలో పేజీ గుర్తుకు పెట్టుకున్న కార్డు ఇది. ఎర్రటి రంగు మీద, బ్యాట్ భుజం పైకెత్తి పట్టుకుని, టోపీ పెట్టుకున్న ఒక మనిషి బొమ్మ. వెనకవైపు సిగరెట్ల ప్రకటన. ఆ రోజుల్లో అమెరికాలో సిగరెట్ పెట్టె నలిగిపోకుండా లోపల ఒక గట్టి అట్ట పెట్టేవారట. ఉత్త అట్ట ఎందుకని దాని మీద బేస్‌బాల్ ఆటగాళ్ల బొమ్మలు వేయడం మొదలుపెట్టారట. బొమ్మల కోసం పిల్లలు సిగరెట్లు తాగే పెద్దవాళ్ల వెంటపడేవారట. బేస్‌బాల్ అంటే ఏమిటో మాకు తెలియదు. ఇతను క్రికెట్ ఆటగాడనుకుని, కాళ్లకు ప్యాడ్లు కట్టుకోకుండా వచ్చాడేమిటని మా అన్నయ్య విసుక్కునేవాడు. మా ఇంట్లో ఆయన పేరు టోపీ దొర.

మా అక్క కూతురు శ్రావణి చదువుకోవడానికి పామర్‌స్టన్ నార్త్ వెళ్లింది. ఇప్పుడు అక్కడే ఆస్పత్రి ల్యాబ్‌లో పనిచేస్తోంది. వెళ్లిన దగ్గర్నుంచీ జోన్ అనే పెద్దావిడ ఇంట్లో ఒక గది అద్దెకు తీసుకుని ఉంటోంది. జోన్ తాత అమెరికా నుంచి వచ్చి ఆ ఊళ్లో స్థిరపడ్డ వడ్రంగి. తనతో తెచ్చుకున్న సిగరెట్ కార్డుల కోసం ఇరవై నాలుగు గడుల చెక్కపెట్టె ఒకటి చేసుకున్నాడు. ఇరవై మూడు గడుల్లో కార్డులున్నాయి. ఒకటి ఖాళీ. రెండేళ్ల కిందట నేను నాన్న పుస్తకాలు దులుపుతూ శ్రావణితో వీడియో కాల్‌లో మాట్లాడుతుంటే ఈ కార్డు జారిపడింది. శ్రావణి వెనక నుంచి ఒక ముసలి గొంతు, ‘ఆగండి, అది మళ్లీ చూపించండి’ అంది. ఖాళీ గడిలో ఒకప్పుడు ఉన్నది అచ్చంగా టోపీ దొరేనట. ఆవిడ కొంటానంది. కొనడమేమిటి, నేనే తెచ్చి ఇస్తానన్నాను. అన్నాక తప్పుతుందా? రెండేళ్లు పట్టింది.

ఇక్కడ నా సంగతి కూడా చెప్పాలి. కలెక్టరాఫీసుకు ఎదురుగా ముప్పై ఏళ్లు జిరాక్స్, లామినేషన్ షాపు నడిపాను. పదో తరగతి మెమోలు, కుల ధ్రువీకరణ పత్రాలు, పెళ్లి ఫొటోలు, వెంకటేశ్వరస్వామి బొమ్మలు, ఒకసారైతే ఒకాయన తన మొదటి జీతం నోటు, అన్నీ నా చేతి మీదుగానే ప్లాస్టిక్‌లోకి వెళ్లాయి. మనవాళ్లకు విలువైన కాగితం అంటే లామినేషన్ చేసిన కాగితమే. చెయ్యకపోతే నిర్లక్ష్యం చేసినట్టు. పైగా ప్రయాణానికి ముందు శ్రావణి ఫోన్లో నన్ను బెదరగొట్టింది.

“పిన్నీ, ఇక్కడ ఎయిర్‌పోర్ట్‌లో చాలా స్ట్రిక్ట్. ఆకు, గింజ, మట్టి ఏదున్నా చెప్పెయ్యాలి. చెప్పకపోతే ఫైన్ వేస్తారు.”

కార్డు వాసన చూశాను. నాన్న చొక్కా వాసన వచ్చింది. పచ్చి పొగాకు, పాత కాగితం, కొంచెం కర్పూరం. ఇంత పొగాకు వాసన వేసేదాన్ని ఎవరు రానిస్తారనిపించింది. షాపు వేరేవాళ్లకు అప్పగించినా మిషన్ నా దగ్గరే ఉంది. బాగా వేడెక్కనిచ్చి, ఒక్క గాలి బుడగ లేకుండా, నాలుగు వైపులా సమానంగా అంచు వదిలి, నా జన్మలో చెయ్యనంత చక్కగా లామినేషన్ చేశాను. శ్రావణికి చెప్పలేదు. అక్కడ తీసి చూపిస్తే మెచ్చుకుంటారని ఆశ.

ఆక్లండ్ విమానాశ్రయం

అక్కడి అధికారులు కోప్పడరు. మర్యాదగా అన్నీ తీయిస్తారు. నా పెట్టెలోంచి కారప్పొడి, నువ్వుల లడ్లు, మాగాయ ఒక్కొక్కటే బల్ల మీదికి వచ్చాయి. ఒక చిన్న కుక్క వచ్చి నా సంచి పక్కన బుద్ధిగా కూర్చుంది. దాని వెంట ఉన్న అమ్మాయి సంచి తెరిచి, పక్క జేబులో నేను మర్చిపోయిన కరివేపాకు రెబ్బలు తీసింది. దారిలో మజ్జిగన్నంలోకి పనికొస్తాయని పెట్టుకున్నవి. దాని గురించి ఒక కాగితం నింపి, నా చేత సంతకం చేయించి, కరివేపాకును చెత్తడబ్బాలో పడేసింది. మర్చిపోయానని చెప్పాక ఈసారికి వదిలేస్తున్నానంది.

టోపీ దొరను దాచి తెచ్చిన నాన్న పుస్తకంలోంచి నేనే తీసి చూపించాను. ఆ అమ్మాయి వెనకా ముందూ చూసి, బాగుందని నవ్వి, తిరిగి ఇచ్చేసింది. పొగాకు గురించి ఎవరూ అడగలేదు. నేను మాత్రం ఎంత ముందు జాగ్రత్త పడ్డానో అని నన్ను నేనే మెచ్చుకుంటూ బయటికొచ్చాను.

పాపటోయిటోయి

శ్రావణి కారు తీసుకుని నాలుగు రోజులు సెలవు పెట్టి వచ్చింది. మొదటిరోజు విమానాశ్రయానికి దగ్గర్లో పాపటోయిటోయిలో, తనకు తెలిసిన సరోజ్ ఆంటీ ఇంట్లో దిగాం. సరోజ్ ఆంటీ వాళ్లది ఫిజీ. నానమ్మ వైజాగ్ వైపు నుంచి చెరకు తోటల్లో పనికి వెళ్లిన మనిషట. ఆంటీకి నానమ్మ దగ్గర్నుంచి మిగిలిన తెలుగు మూడు మాటలు: రా, కూర్చో, తిను. ఆ మూడింటితోనే ఒక పూటంతా నన్ను ఏ లోటూ లేకుండా చూసుకుంది.

సాయంత్రం అలా నడిచి వెళ్తే ఇండియన్ కొట్లు వరసగా ఉన్నాయి. కొట్టులో చిన్న ప్లాస్టిక్ సంచిలో కరివేపాకు, లెక్కపెడితే ఆరు రెబ్బలు, నాలుగు డాలర్లు. అంటే మన రెండు వందల పైమాటే. పొద్దున చెత్తడబ్బాలో పడ్డవి ఇంకా ఎక్కువే ఉంటాయి. ఇక్కడ వీధి చివరి చిన్న కొట్టును డెయిరీ అంటారు. పాలు మాత్రమే అమ్ముతారనుకున్నాను. పాలు, రొట్టె, ఐస్‌క్రీం, లాటరీ టికెట్లు అన్నీ ఉన్నాయి. సిగరెట్లు మాత్రం మూసిన బీరువాలో, కంటికి కనపడకుండా ఉన్నాయి. ఒక పెట్టె ధర అడిగి కొట్టువాడికి అనుమానం తెప్పించాను. అతను చెప్పిన డబ్బులకు మా నాన్న రోజుల్లో ఆకు కాల్చే బేరన్ ఒకటి నిండా పొగాకు వచ్చేదేమో. ఇప్పుడు ఆ పెట్టెల మీద బొమ్మలు కూడా ఆటగాళ్లవి కావు, రోగాలవి.

టౌరంగా

మర్నాడు మూడు గంటలు డ్రైవ్ చేసి టౌరంగా చేరాం. ఓడరేవు ఊరు. దారి పొడవునా ఎత్తైన చెట్ల గోడల వెనక కివీ పళ్ల తోటలు. మధ్యలో ఆగి ‘పై’ అనేదొకటి తిన్నాం. బంగాళాదుంప, చీజ్ పెట్టి కాల్చిన గుండ్రటి రొట్టె అది. లోపల సెగ తెలియక మొదటి ముద్దకే నాలుక కాల్చుకున్నాను. మిగతా రోజంతా రుచి తెలియలేదు.

టౌరంగాలో ఆగడానికి కారణం ఉంది. ఆ శనివారం ఒక హాల్లో పాత నాణేలు, స్టాంపులు, కార్డులు అమ్మేవాళ్ల సంత జరుగుతోంది. జోన్ కార్డు కోసం ఏదైనా మంచి తొడుగు కొందామని శ్రావణి ఉద్దేశం. తొడుగు అవసరం లేదని చెప్పబోయి, దొరకబోయే మెప్పు ఎందుకు పాడుచేసుకోవాలని ఊరుకున్నాను.

హాల్లో సగం మంది కాళ్లకు చెప్పులు లేవు. గుడి కాదు, ఇల్లు కాదు, బజారే. ఇక్కడ కొందరు అలా తిరుగుతారట, ఎవరూ వింతగా చూడరు. కార్డుల బల్ల వెనక నెరిసిన గడ్డంతో, నిక్కరుతో, వట్టి కాళ్లతో గ్రెగ్ అనే ఆయన కూర్చుని ఉన్నాడు. నేను పుస్తకంలోంచి టోపీ దొరను తీసి బల్ల మీద పెట్టాను. ఆయన ముఖం వెలిగింది. భూతద్దం అందుకుని వంగాడు. తర్వాత భూతద్దం పక్కన పెట్టేశాడు.

“ఇదెవరు చేశారు?”

“నేనే,” అన్నాను. ఆ ఇంగ్లీషు ముక్క నేను గర్వంగానే చెప్పాను. గాలి బుడగ ఒక్కటీ లేదని కూడా శ్రావణితో చెప్పించబోయాను.

శ్రావణి నా వైపు చూడ్డం లేదు. కార్డునే చూస్తోంది. గ్రెగ్ నెమ్మదిగా, తన మాటలు నాకు అర్థం కావాలని మధ్యమధ్యలో ఆగుతూ చెప్పాడు. పాత కార్డును ఎలా ఉన్నదాన్ని అలా ఉంచాలట. మడత పడినా, అంచు అరిగినా ఫరవాలేదట. దాని మీద జిగురు అంటించి కరిగించి పెట్టాక ఇక అది ఆ కార్డు కాదట. ప్లాస్టిక్ లాగితే దానితో పాటు బొమ్మ కూడా వచ్చేస్తుందట. చివర్న మాత్రం కొంచెం జాలి పడ్డట్టు, “చాలా శుభ్రంగా చేశారు,” అన్నాడు.

ముప్పై ఏళ్లలో నా పని గురించి అంత చెడ్డ మెప్పు నేను వినలేదు.

బయటికొచ్చాక శ్రావణి కారు తాళాలు చేతిలో పట్టుకుని నిలబడిపోయింది.

“అబ్బ, ఏం చేశావ్ పిన్నీ? ఒక్క మాట అడగొచ్చుగా.”

“పాడైపోకుండా చేశానే. రేటు తగ్గితే ఏమైంది? మనమేం అమ్ముకుంటున్నామా? ఆవిడేమన్నా అమ్ముకుంటుందా?”

“రేటు గొడవ కాదు. జోన్‌కి ఇప్పుడు చూపు లేదు పిన్నీ. పోయిన ఏడాదే మొత్తం పోయింది. నీకు చెప్పొద్దంది. జాలిపడి కార్డు పోస్టులో పంపించేస్తావని. నువ్వు రావాలంది. రోజూ ఆ పెట్టె ముందు పెట్టుకుని ఒక్కో కార్డు వేళ్లతో తడుముతుంది. వాసన చూస్తుంది. అదే తనకి చూడ్డం.”

వేళ్లతో చూసే మనిషి కోసం పదివేల కిలోమీటర్ల పైచిలుకు మోసుకొచ్చిన వస్తువును నేను సరిగ్గా వేళ్లకూ ముక్కుకూ అందకుండా మూసేశాను. కావాలని చేసినా అంత పక్కాగా కుదిరేది కాదు.

మోటెల్ గది

టౌరంగాలో మేం దిగిన మోటెల్ గదికే చిన్న వంటిల్లు, పొయ్యి, రెండు గిన్నెలు, ఉచితంగా ఒక చిన్న పాల సీసా ఇచ్చారు. మన లాడ్జీల వాళ్లు వచ్చి నేర్చుకోవాల్సిన పద్ధతి. స్నానాల గదిలో గోడకు జుట్టు ఆరబెట్టుకునే మిషన్ బిగించి ఉంది. మర్నాడు పొద్దున్నే శ్రావణి కాఫీ కోసం వెళ్లగానే దాని ముందు నిలబడ్డాను.

వేడితో అతికిన జిగురు వేడితోనే కదలాలి కదా అని నా తర్కం. ఒక మూల కత్తెరతో చీల్చి, వేడిగాలి పట్టించి, గోటితో లాగాను. ప్లాస్టిక్ లేచింది. దాని వెంట ఆవగింజంత ఎర్రరంగు కూడా లేచింది. గ్రెగ్ చెప్పినట్టే. వెంటనే మిషన్ ఆపేసి ఆ మూలను తువ్వాలుతో గట్టిగా నొక్కి పట్టుకున్నాను. మళ్లీ అతుక్కుంది. ఆ ఎర్రచుక్క పోయిన చోట తెల్లగా ఉండిపోయింది.

శ్రావణి తలుపు తీసుకుని లోపలికి వచ్చి, నన్నూ మిషన్‌నూ చూసి, కాఫీ చేతికిచ్చింది. నా పని తప్పయిందని అప్పుడు ఏడ్చాను. పెద్దగా కాదు, కాఫీ చల్లారేలోపు అయిపోయింది.

టౌపో దాటాక

పామర్‌స్టన్ నార్త్ చేరడానికి ఆ రోజంతా ప్రయాణమే. టౌపో దగ్గర సముద్రమంత సరస్సు. దాని తర్వాత గంటసేపు ఇల్లు గానీ చెట్టు గానీ లేని, ఎండుగడ్డి రంగు నేల. మూడు కొండలు మంచుతో కనపడ్డాయి. ఫొటో తీశాను, వేలు అడ్డం పడింది.

ఒక పల్లె దగ్గర, ఇంటి గేటు ముందు బల్ల మీద ఆకుపచ్చ పళ్ల సంచులు, పక్కన డబ్బులు వేయడానికి ఒక డబ్బా ఉన్నాయి. మనిషి లేడు. ఫీజోవాలు అంటారు. కోసి చెంచాతో తినాలి. జామపండుకు కొంచెం పులుపు, కొంచెం సెంటు వాసన కలిస్తే ఎలా ఉంటుందో అలా ఉంటాయి. రెండు డాలర్లకు సంచి నిండుగా. డబ్బాకు తాళం కూడా లేదు. మన దగ్గర ఇలా పెడితే ముందు డబ్బా పోతుందన్నాను. ఇక్కడా అప్పుడప్పుడూ పోతుందంది శ్రావణి. విని ఎందుకో మనసు కుదుటపడింది.

మళ్లీ కారెక్కాక ఆ పిల్లే మొదలుపెట్టింది.

“పిన్నీ, ఒకటి చెప్పనా. అది తాతయ్య పుస్తకంలో అలానే దొరికిందని చెప్పేద్దాం. ప్లాస్టిక్‌తోనే. ఆవిడకేం తెలుస్తుంది? నువ్వు చేశావంటే ఊరికే ఇద్దరికీ బాధ.”

“వీడియోలో చూసింది కదే. ప్లాస్టిక్ లేదుగా.”

“రెండేళ్లయింది. గుర్తుండకపోవచ్చు.”

సలహా తేలిగ్గానే ఉంది. చాలా దూరం దాన్నే ఆలోచించాను. షాపులో కూడా ఇలాంటివి జరిగేవి. ఎవరి మెమో మీదో ముడత పడితే, ముందే ఉందండీ అని ఒకటి రెండుసార్లు నేను కూడా అన్నాను. వాళ్లు నమ్మి వెళ్లిపోయాక ఆ రోజు భోజనం సరిగ్గా దిగేది కాదు.

“నేను చెప్తాను,” అన్నాను. “నువ్వు మాత్రం నేనన్నది అన్నట్టే చెప్పు. నీ సొంతం ఏమీ కలపకు.”

పామర్‌స్టన్ నార్త్

ఊరు పీటలా చదునుగా ఉంది. దూరంగా కొండల మీద గాలిమరలు తిరుగుతున్నాయి. వీధుల్లో సైకిళ్లు చాలా ఎక్కువ. శ్రావణి కూడా ఆస్పత్రికి సైకిల్ మీదే వెళ్తుందట. మా అక్క దీనికి స్కూటీ నేర్పించడానికి ఎంత ఏడ్చిందో నాకు తెలుసు.

జోన్ గారు గేటు దగ్గరే నిలబడి ఉన్నారు. ఎనభై ఆరేళ్లు. పొడుగ్గా, సన్నగా, ఉన్ని టోపీతో. కారు చప్పుడు పోల్చుకుని చెయ్యి ఊపారు, కొంచెం తప్పు దిక్కుకు. శ్రావణి ఆవిణ్ని ‘జోన్’ అని పేరు పెట్టి పిలుస్తుంది. ఇక్కడ అందరూ అంతే, పనివాడు యజమానిని, చిన్నపిల్ల ముసలావిణ్ని, పేరే. నాకు నోరు రాలేదు. నేను ‘జోన్ గారూ’ అన్నాను. గారు అంటే ఏమిటని అడిగారు. శ్రావణి చెప్పింది. అయితే అలాగే పిలవమన్నారు, ఇంతవరకూ ఎవరూ అనలేదట.

టీ, బిస్కెట్లు అయ్యాక చెక్కపెట్టె బల్ల మీదికి వచ్చింది. మూత తీయగానే నాకు తెలిసిపోయింది. అదే వాసన. నాన్న చొక్కా వాసన, సముద్రాలు దాటి, వేరే వాళ్లింట్లో. ఆవిడ వేళ్లు గడుల మీద వరసగా నడిచి, మూడో వరస రెండో గడి దగ్గర ఆగాయి. అది ఖాళీ.

ఎలా పోయిందో ఆవిడే చెప్పారు. ఏడేళ్ల పిల్లగా ఉన్నప్పుడు తాతకు చెప్పకుండా ఈ కార్డు తీసి, బట్టల క్లిప్పుతో సైకిల్ వెనక చక్రం దగ్గర బిగించారట. చక్రం తిరిగితే పుల్లలు అట్టకు తగిలి మోటారుసైకిల్ లాగా టకటక చప్పుడు. మా అన్నయ్య సిగరెట్ పెట్టె అట్టతో చేసిన పనే. అట్టలకు దేశం లేదు, పిల్లలకు బుద్ధి లేదు. ఆ చప్పుడుతో వీధంతా తిరిగి ఇంటికి వచ్చేసరికి తాత గేటు దగ్గర నిలబడి ఉన్నాడట. కార్డు ముక్కలు ముక్కలైంది. తాత తిట్టలేదు, కొట్టలేదు. ఆ గడిలో వేరే కార్డు మాత్రం పెట్టలేదు.

“తిట్టి ఉంటే మర్చిపోయేదాన్ని,” అన్నారు జోన్ గారు. “నేను పోయేలోపు ఆ గడి నింపాలి. అంతే నా కోరిక.”

కార్డు ఇవ్వకముందే చెప్పేశాను. నా షాపు సంగతి, పొగాకు వాసన భయం, మిషన్ వేడెక్కించడం, గ్రెగ్ మాట, హెయిర్ డ్రయర్, పోయిన ఎర్రచుక్క. శ్రావణి ఒక్క మాట కలపకుండా, తీసెయ్యకుండా ఇంగ్లీషులో చెప్పింది. చివర్న నాకు తెలిసిన ఇంగ్లీషులో నేనే సారీ అన్నాను.

ఆవిడ చెయ్యి చాపారు. కార్డు పెట్టాను. బొటనవేలుతో ముందువైపు, వెనకవైపు రుద్దారు. ముక్కు దగ్గర పెట్టుకున్నారు. ఆవిడ ముఖం దిగిపోయింది. దాచుకోవడానికి ప్రయత్నించారు గానీ, తమ ముఖం తమకు కనపడని వాళ్లు సరిగా దాచుకోలేరు.

“ఏమీ లేదు,” అన్నారు. “బ్యాంకు కార్డులా ఉంది.”

గడిలో పెట్టి చూశారు. నేను సమానంగా వదిలిన ప్లాస్టిక్ అంచు వల్ల పట్టలేదు. నేను సంచిలోంచి కత్తెర తీశాను. కార్డు అంచుకు ఆనించి కత్తిరిస్తే పడుతుంది. అంచు లేకుండా కత్తిరించడం మా వృత్తిలో తప్పు, తేమ లోపలికి పోతుంది. అయినా ఇంకేం మిగిలింది పాడవడానికి?

ఆవిడ ఏదో ఆలోచిస్తూ కార్డును గోటితో మీటారు. టక్. మళ్లీ మీటారు. టక్. తల పక్కకు వంచి విన్నారు.

“శ్రావణీ,” అన్నారు, “నీ సైకిల్ ఎక్కడుంది?”

చప్పుడు

శ్రావణికి నా కన్నా ముందు అర్థమైంది. తీగ మీంచి ఒక బట్టల క్లిప్పు పీక్కొచ్చి, షెడ్డులోంచి సైకిల్ బయటికి తెచ్చి, టోపీ దొరను వెనక చక్రం దగ్గర బిగించింది. వందేళ్ల కార్డు, నేను పాడుచెయ్యకపోతే ఆ సంతలో ఎవరో ఒకరు కళ్లకద్దుకుని కొనే కార్డు, సైకిల్ చక్రానికి. గ్రెగ్ చూస్తే ఏమనేవాడో. నాకు మాత్రం ఆ నిమిషంలో భయం లేదు. నా లామినేషన్ సంగతి నాకు తెలుసు.

హెల్మెట్ పెట్టుకుని శ్రావణి బయల్దేరింది. ఇక్కడ అది లేకుండా సైకిల్ తొక్కడం నేరం. టకటకటకమని చప్పుడు వీధి చివరికి పోయింది, మలుపు తిరిగింది, వినపడకుండా అయింది. జోన్ గారు గేటు పట్టుకుని నిలబడ్డారు. పక్కింటాయన తోటలోంచి తలెత్తి చూశాడు. కొంతసేపు గాలి తప్ప ఏమీ లేదు. తర్వాత చాలా దూరం నుంచి సన్నగా మొదలై, మెల్లగా పెరుగుతూ, మలుపు తిరిగి, మా వైపు వచ్చింది.

“ఇక్కడే నిలబడ్డాడు తాత,” అన్నారు జోన్ గారు. ఆ ఇంగ్లీషు నాకు ఎవరూ చెప్పకుండానే తెలిసింది. “తన కార్డు చిరిగిపోవడం విన్నాడనుకున్నాను ఇన్నాళ్లూ. నేను ఇంటికి రావడం విన్నాడు.”

కళ్లు తుడుచుకోలేదు. శ్రావణి బ్రేకు వేసి దిగేదాకా అలాగే నిలబడ్డారు.

కార్డు విప్పి చూశాను. ప్లాస్టిక్ మీద సన్నటి గీతలు పడ్డాయి. లోపల టోపీ దొర బ్యాట్ ఎత్తి పట్టుకుని, ఏమీ కానట్టు నిలబడి ఉన్నాడు. వంట గదిలోకి వచ్చి కత్తెర మళ్లీ చేతిలోకి తీసుకుంటే జోన్ గారు నా మణికట్టు పట్టుకుని ఆపారు. కత్తిరిస్తే ఇక చక్రానికి ఆగడన్నారు.

నేను తిరిగొచ్చి నెల దాటింది. శ్రావణి రోజూ సాయంత్రం డ్యూటీ దిగి వీధి మలుపు తిరగగానే జోన్ గారికి తెలిసిపోతుందట. టీకి నీళ్లు పెట్టేస్తారట. మొన్న ఆ సమయానికి ఫోన్ చేసి నాకూ ఆ టకటక వినిపించారు. పెట్టెలో మూడో వరస రెండో గడి మాత్రం ఇప్పటికీ ఖాళీగానే ఉందట.